విల్లు బద్దకి బ్యాకింగ్ వేసే ముందు దాన్ని ఎలా రెడీ చేసుకోవాలి

విల్లు చేసేవాళ్ళలో చాలామందికి బ్యాకింగ్, అంటే విల్లు వీపు మీద వేసే అదనపు పొర, గుర్తొచ్చేది బద్దలో (విల్లు చెక్కే పొడవాటి చెక్క ముక్కలో) ఏదో తేడా కనపడ్డాకే. వీపు మీద పొర తెగిపోయింది, మధ్యలో ముడి వచ్చింది, గ్రెయిన్ (చెక్క పీచు పోయే తీరు) పక్కకి జారిపోతోంది, సరేలే పైన ఏదో ఒకటి అతికించేస్తే పోతుంది అనుకుంటారు. కొంతవరకు పోతుంది కూడా. కానీ జిగురు పట్టుకునేది బద్ద పై పొరనే కదా, ఆ పొర తడిగా ఉన్నా, వంకరగా ఉన్నా, దాని మీద నూనె ఉన్నా పైన ఎంత మంచి సరుకు వేసినా లేచిపోతుంది, లేవకపోతే విల్లే కుంగిపోతుంది. అందుకే ఇందులో అతికించడం గురించి తక్కువ, అతికించే ముందు చెయ్యాల్సిన పని గురించి ఎక్కువ రాస్తున్నా.

మాటలు ముందే అనుకుందాం, లేకపోతే మధ్యలో కన్ఫ్యూజ్ అవుతారు. విల్లు పట్టుకున్నప్పుడు టార్గెట్ వైపు ఉండేది వీపు, మీ వైపు ఉండేది పొట్ట. నారి లాగితే వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. వీపు మీద ఒక్క పీచు లేచినా అక్కడి నుంచే టప్పున విరుగుతుంది, పొట్ట మాత్రం అలా ఒక్కసారిగా పోదు, మెల్లగా నలిగి విల్లు వంగిన షేపులోనే ఉండిపోతుంది, దాన్నే సెట్ అంటారు. బ్యాకింగ్ వేసేది వీపుకి, కానీ దాని బరువు పడేది పొట్ట మీద. ఈ సంగతి కింద మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఏ బ్యాకింగో ముందు తేల్చుకోండి

బద్ద చెక్కడం మొదలుపెట్టాక తేల్చుకుందాం అనుకుంటే కుదరదు, ఎందుకంటే ఒక్కో బ్యాకింగ్‌కి వీపు ఒక్కోలా కావాలి.

మెత్తగా ఉండి చెక్క షేపుకి ఒదిగేవి కొన్ని ఉన్నాయి. జంతువు స్నాయువు పీచులు, పచ్చితోలు, నార గుడ్డ, పట్టు గుడ్డ ఇవన్నీ ఆ రకం. వీటికి వీపు గుండ్రంగా ఉన్నా పర్లేదు, చిన్న చిన్న ఎత్తుపల్లాలున్నా పర్లేదు. రెండో రకం గట్టి పట్టీలు, అంటే వెదురు, హికరీ, మేపుల్ లాంటివి, సుమారు 3 మిల్లీమీటర్ల మందంలో. వీటికి వీపు ఈ చివర నుంచి ఆ చివర దాకా చదునుగా ఉండాలి, వెంట్రుక సందు కూడా ఉండకూడదు.

చేసే పని కూడా వేరు. పచ్చితోలు, గుడ్డ ఇవి పీచు లేవకుండా నొక్కి పట్టుకుంటాయి అంతే, లాగుడు బరువు పెద్దగా మొయ్యవు. కాబట్టి గ్రెయిన్ బాగా పక్కకి పోయిన బద్దకి పచ్చితోలు వేసి ధైర్యంగా ఉండకండి. స్నాయువు నిజంగానే బరువు మోస్తుంది, పైగా ఆరేకొద్దీ ముడుచుకుపోయి విల్లుని ముందుకి, అంటే నారికి ఎదురు దిక్కుకి లాగుతుంది, అందుకే పొట్టి విల్లులకి అదే వాడేవాళ్ళు. 1911లో కాలిఫోర్నియాలో బయటి ప్రపంచానికి తెలిసిన యాహి తెగ మనిషి ఇషీ చేసిన విల్లులు కూడా జూనిపర్ చెక్క మీద స్నాయువు వేసినవే, ఆయన దగ్గర నేర్చుకున్న డాక్టర్ సాక్స్టన్ పోప్ అదంతా రాసిపెట్టాడు. ఆర్కిటిక్ వైపు వాళ్ళు ఇంకో దారి పట్టారు, నీళ్ళలో కొట్టుకొచ్చిన చెక్కతో విల్లు చేసి స్నాయువుని తాళ్ళుగా పేని వీపు మీద బిగించి కట్టారు, అతికించే పనే లేదు.

ఇక వెదురు, హికరీ లాగుడుకి చాలా గట్టివి. ఎంత గట్టివంటే కింద చెక్క మెత్తనిదైతే పొట్టని నలిపేస్తాయి. పొట్టకి మెత్తటి చెక్కే దొరికితే పట్టీ పలచగా వెయ్యండి, లేదా అడ్డంగా కోసి చూస్తే వీపు వైపు సన్నగా పొట్ట వైపు వెడల్పుగా ఉండేలా చెయ్యండి. ఫైబర్‌గ్లాస్ పట్టీ తెచ్చి మామూలు చెక్క మీద వేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి, అది ఇంకా గట్టిది, పొట్ట బతకదు.

బద్దని పరీక్షగా చూడటం

బ్యాకింగ్ వేస్తున్నాం కదా అని ఏ చెక్కైనా పనికొస్తుందనుకోవద్దు. వీపు మీద చిన్న తప్పుల్ని బ్యాకింగ్ కాస్తుంది, పొట్టలో తప్పుల్ని కాయలేదు.

ముందు కుళ్ళు చూడండి. బూడిద రంగు మచ్చలు, నల్లటి గీతలు, వాసన తేడా ఇవి కనపడితే ఆ దుంగ నుంచే ఒక పనికిరాని ముక్క తీసి సన్నగా చీల్చి విరగ్గొట్టి చూడండి. మంచి చెక్క పొడుగ్గా పీచులు పీచులుగా చీలుతూ విరుగుతుంది. పోయిన చెక్క క్యారెట్ లాగా పుటుక్కున అడ్డంగా విరుగుతుంది, దాని మీద టైమ్ పెట్టడం దండగ.

తర్వాత రింగులు, అంటే చెట్టుకి ఏడాదికొకటి వచ్చే వలయాలు, విడిపోయాయేమో చూడండి. దుంగ కోసిన చివర రింగుకీ రింగుకీ మధ్య వంపుగా సన్నటి చీలిక కనిపిస్తే అది లోపల ఎంత దూరం పోయిందో తెలీదు, దాన్ని వదిలెయ్యడమే మంచిది. ఎండినప్పుడు వచ్చే నిలువు బీటలు వేరే సంగతి. నిలువుగా పీచుల వెంటే పోయి బద్ద మధ్యలోనే ఉండే బీట పెద్ద ప్రమాదం కాదు, పల్చటి సూపర్ గ్లూ దించేసి ముందుకెళ్ళొచ్చు. బీట పక్క అంచు మీద బయటికి వచ్చేస్తుంటే మాత్రం బద్ద లేఅవుట్ మార్చుకోండి, కుదరకపోతే చెక్క మార్చుకోండి.

ముడులు. మెత్తటి బ్యాకింగ్ వేస్తుంటే వీపు మీద ముడి చుట్టూ కొంచెం చెక్క ఎక్కువ ఉంచి దానిపైనే వేసెయ్యొచ్చు. కుళ్ళిన ముడైతే గట్టి చెక్క తగిలేదాకా తవ్వి ఆ గుంటని నింపాలి, స్నాయువు వేసేవాళ్ళు అదే జిగురులో ముంచిన పీచులతో నింపుతారు. గట్టి పట్టీ వేస్తుంటే వీపు మీది ముడి అంత బాధపెట్టదు, కానీ ముడి చుట్టూ గ్రెయిన్ సుడి తిరిగి ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టినప్పుడు అక్కడ చిప్పలు లేచి గుంట పడుతుంది, ఆ గుంటలో జిగురు తప్ప చెక్క తగలదు. అంచు మీద ముడి మాత్రం ఏ బ్యాకింగ్‌కీ మంచిది కాదు.

మిల్లులో కోసిన పలకతో చేస్తున్నారా? అప్పుడు సుమారు ఆరడుగుల పొడుగు, ఒకటిన్నర నుంచి రెండంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్నది తీసుకుని వెడల్పు ముఖం మీదా పక్క అంచు మీదా రెండు చోట్లా గ్రెయిన్ గీతలు చూడండి. రెండు వైపులా గీతలు చివరి నుంచి చివరికి వెళ్తే అదృష్టం. పది అంగుళాల లోపే గీత ఒక అంచు మీద మొదలై ఇంకో అంచు మీద బయటికొచ్చేస్తుంటే ఆ పలక షెల్ఫ్ చేసుకోడానికి బాగుంటుంది. పొట్ట చెక్కగా వాడేటప్పుడు అడ్డకోతలో రింగులు నిలువుగా ఉన్నాయా పడుకుని ఉన్నాయా అనేది అంత పట్టింపు కాదు, పీచు నిటారుగా పోతోందా లేదా అన్నదే ముఖ్యం.

తడి సంగతి

అసలు పని చెడేది ఇక్కడే, అందరూ తొందరపడేదీ ఇక్కడే.

విల్లు చెక్కలో తేమ 8 నుంచి 10 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. 12 దాటితే పొట్ట నలుగుతుంది, 6 కంటే తగ్గితే పెళుసైపోయి విరుగుతుంది. గదిలో గాలి తేమ 50 శాతం దగ్గర ఉంటే చెక్క మెల్లగా 9 శాతం దగ్గర కుదురుకుంటుంది, 65 శాతం గాలిలో 12 దాకా పోతుంది. గాలి తేమ చూపించే ఒక చిన్న హైగ్రోమీటర్ కొని బద్ద పెట్టిన గదిలో పెడితే సగం అనుమానాలు తీరిపోతాయి.

పచ్చి దుంగ తెచ్చారంటే అదే రోజు రెండు చివరలూ పెయింటో, మైనమో, చెక్క జిగురో మందంగా పూసెయ్యండి. తేమ చివర్ల నుంచే త్వరగా పోతుంది, అక్కడ ముందు ఎండి ముడుచుకుంటే బీటలు పడతాయి. దుంగని నిలువుగా చీల్చండి, రంపంతో కోస్తే గ్రెయిన్ ఎటు పోతోందో పట్టించుకోకుండా కోత తిన్నగా పోతుంది, చీలిస్తే మాత్రం చెక్క తన పీచు వెంటే విడిపోతుంది, బద్దలో మెలి ఉందా లేదా అనేది కూడా అప్పుడే బయటపడిపోతుంది. బెరడు తీసేశారంటే వీపుకి కూడా ఏదైనా పూత వెయ్యండి, కొన్ని చెక్కలు బెరడు తీసిన పూటే బీటలిస్తాయి.

మందం అంగుళానికి ఏడాది ఆరబెట్టాలని పాతవాళ్ళ లెక్క ఒకటుంది. అంత ఆగలేకపోతే బద్దని విల్లు షేపుకి కొంచెం పెద్దగా ముతకగా చెక్కేసి, ఏదైనా తిన్నటి చట్టానికి కట్టేసి నీడలో గాలి ఆడేచోట పెట్టండి, మందం తగ్గింది కాబట్టి నెలల్లో ఎండుతుంది. పచ్చి చెక్కని హీటర్ ముందు పెట్టకండి. పైన ఎండి లోపల తడి మిగిలిపోతే లోపలి బీటలు వస్తాయి, అవి బయటికి కనపడవు కూడా.

ఎండిందో లేదో చూడటానికి తేమ మీటర్ లేకపోయినా పర్లేదు, వంటింటి కాటా చాలు. వారానికోసారి తూచి బద్ద మీదే పెన్సిల్‌తో రాసుకోండి. రెండు మూడు వారాలు బరువు అలాగే ఆగిపోయిందంటే ఆ గది గాలికి చెక్క కుదురుకున్నట్టే. ఇంత చాదస్తం బ్యాకింగ్‌కి ఎందుకంటే, తడి చెక్క మీద పట్టీ అతికించాక చెక్క ఇంకా ముడుచుకుంటుంది, పైనున్న ఎండిన పట్టీ ముడుచుకోదు, ఈ లాగులాట అంతా జిగురు గీత మీద పడుతుంది. అందుకే బద్ద, బ్యాకింగ్ పట్టీ రెండూ ఒకే గదిలో కనీసం రెండు వారాలు పక్కపక్కన పెట్టాక అతికించండి.

వంకర్లు, మెలి తియ్యడం

ఇదంతా బ్యాకింగ్‌కి ముందే అయిపోవాలి. తర్వాత వేడి పెడితే జిగురు వదులుతుంది, ముఖ్యంగా తోలు ఉడికించి తీసే హైడ్ గ్లూ అయితే వేడికీ తడికీ రెండిటికీ లొంగిపోతుంది.

రెండు చివర్ల మధ్య సన్నటి దారం బిగించి కట్టి చూడండి. దారం పిడి మధ్యలో నుంచి పోవాలి, కొంచెం పక్కకి ఉన్నా తర్వాత సర్దుకోవచ్చు, కానీ పిడి అంచు కూడా దాటి బయటికి పోతుంటే ఇప్పుడే సరిచెయ్యాలి. మెలి చూడటానికి రెండు తిన్నటి పుల్లలు తీసుకుని బద్దకి అడ్డంగా ఒకటి ఈ చివర ఒకటి ఆ చివర పెట్టి, ఒక కన్ను మూసి ముందు పుల్ల అంచు మీదుగా వెనక పుల్లని చూడండి, రెండూ సమాంతరంగా కనపడకపోతే ఎంత మెలి ఉందో అక్కడే తెలిసిపోతుంది.

పచ్చిగా ఉన్నా మందంగా ఉన్నా ఆవిరి పెట్టడం మేలు, అంగుళం మందానికి సుమారు గంట. బయటికి తీశాక చేతిలో ఉండే టైమ్ చాలా తక్కువ, క్లాంపులు ముందే తీసి పెట్టుకోండి. ఆవిరి పెట్టిన చెక్క తేమ పీల్చుకుంటుంది కాబట్టి మళ్ళీ కాటా ఎక్కించి బరువు ఆగేదాకా ఆగాల్సిందే. ఎండిన బద్దలో చిన్న వంకరైతే హీట్ గన్ చాలు, చెక్క పట్టుకోలేనంత వేడెక్కాక మెల్లగా వంచి చల్లారేదాకా క్లాంపులోనే ఉంచండి. పచ్చి చెక్కకి మాత్రం హీట్ గన్ చూపించకండి, బీట ఖాయం.

పొట్టని కాల్చి గట్టిచేసే అలవాటున్నవాళ్ళు, అంటే పొట్ట వైపు చాలాసేపు పొడి వేడి పెట్టి గోధుమ రంగు వచ్చేదాకా తెచ్చేవాళ్ళు, ఆ పని కూడా బ్యాకింగ్‌కి ముందే చేసుకోవడం నయం. కాల్చాక చెక్క ఎముకంత పొడిగా అయిపోతుంది, వెంటనే జిగురు పూస్తే అందులో నీళ్ళన్నీ గబుక్కున పీల్చేస్తుంది. కొన్ని రోజులు గదిలో వదిలేస్తే తేమ తిరిగి వస్తుంది.

వీపు ముఖం తియ్యడం

మెత్తటి బ్యాకింగ్‌కి ముందు చెప్తా, అది సులువు. బెరడు తీసి, దాని కింద లోపలి బెరడు మెత్తటి పొర ఉంటుంది కదా అది కూడా పూర్తిగా గీకెయ్యండి, అది చెక్క కాదు, దాని మీద జిగురు వేస్తే పొరతో సహా ఊడొస్తుంది. హికరీ, యాష్, ఎల్మ్, మేపుల్ లాంటి తెల్ల చెక్కలకి అక్కడితో వీపు రెడీ. ఓసేజ్, మల్బరీ లాంటివాటికి బయటి తెల్ల భాగం తీసేసి చేవ మీద ఒకే రింగు వెంట పోవడం అలవాటు. బ్యాకింగ్ వేస్తున్నాం కాబట్టి అక్కడక్కడ రింగు తెగినా కొంప మునగదు, కానీ రింగుల మధ్య గుల్లగా, పొడిపొడిగా ఉండే పొర మీద ఆగకండి, గట్టి పొర మీద ఆగండి. జిగురు ఎంత గట్టిదైనా ఆ గుల్ల పొర దగ్గరే చిరుగుతుంది.

సన్న దుంగ నుంచి వచ్చిన బద్దకి వీపు బాగా గుండ్రంగా ఉంటుంది. గుండ్రం ఎక్కువైతే లాగుడంతా నడినెత్తి మీద ఒక సన్న చారలోనే పడుతుంది. స్నాయువు వేస్తే ఆ చార మీద బరువు తగ్గుతుంది కాబట్టి అలా ఉంచెయ్యొచ్చు. గట్టి పట్టీ అయితే మాత్రం ఆ గుండ్రాన్ని తీసేసి చదును చెయ్యాలి.

చదును చెయ్యడం ఇలా. ముందు పక్క అంచుల మీద పెన్సిల్‌తో గీత గియ్యండి, రెండు పక్కలా ఒకే ఎత్తులో, ఈ గీత మీ ఇష్టం వచ్చినట్టు కాకుండా పక్కన కనిపించే పీచు వెంట పోవాలి. బాడిశతోనో డ్రా నైఫ్‌తోనో (రెండు చేతులతో పట్టుకుని లాగి చెక్కే కత్తి) గీతకి కొంచెం పైదాకా చెక్కి మిగతాది పొడవాటి చిత్రికతో పట్టండి. పొట్టి చిత్రిక అయితే పల్లంలోకి దిగిపోయి పల్లాన్నే ఇంకా చెక్కుతుంది, పొడవాటిది ఎత్తు ఉన్నచోటే కోస్తుంది. మధ్య మధ్యలో వీపు మీద కనపడే రింగు గీతలు చూస్తుండండి. బద్ద పొడుగునా సమాంతరంగా పోతుంటే మీరు పీచు వెంటే వెళ్తున్నారు. గీతలు ఎక్కడైనా కోసుగా కలిసి బాణం మొన షేపులో ముగుస్తుంటే అక్కడ పీచులు తెగి బయటికి వచ్చేస్తున్నాయని అర్థం, ఒకటి రెండు ఉంటే పట్టీ కాస్తుంది, వరసగా ఉంటే గీత మళ్ళీ గియ్యండి.

చదును అయ్యిందనుకున్నాక పెన్సిల్‌తో వీపంతా అడ్డగీతలు గీసి, తిన్నటి గ్రానైట్ పలక మీదో మందపాటి గాజు మీదో గరుకు కాగితం అతికించి దానిమీద బద్దని నిలువుగా రెండు మూడుసార్లు లాగండి. గీతలు చెరిగినచోట ఎత్తు, మిగిలినచోట పల్లం. మరీ ముచ్చటపడి ఇలాగే రుద్దుకుంటూ పోకండి, కాగితంతో రుద్దేకొద్దీ అంచులు గుండ్రమవుతాయి, ఎత్తు ఎక్కడుందో చూసుకుని మళ్ళీ చిత్రికే పట్టండి.

మందం ఎంత ఉంచాలి

కొత్తవాళ్ళు బద్దని విల్లు మందంలోనే ఉంచేసి దానిమీద బ్యాకింగ్ వేస్తారు, తర్వాత విల్లు వంగదు. బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల బద్దకి 3 మిల్లీమీటర్ల పట్టీ కలిపితే మందం పావు వంతే పెరిగింది, కానీ బిగువు దాదాపు రెండింతలవుతుంది. ఆ ఎక్కువైనదంతా తర్వాత పొట్ట నుంచే తియ్యాలి, వీపు వైపు ముట్టుకోకూడదు కదా.

గట్టి పట్టీకైతే పొట్ట బద్దని పిడి దగ్గర సుమారు 12, చివర్లలో 9 నుంచి 10 మిల్లీమీటర్లకి సాఫీగా తగ్గేలా తీసుకొచ్చి ఆపండి, మధ్యలో మెట్లు ఉండకూడదు. మందపాటి పిడి కావాలంటే అది తర్వాత వేరే ముక్కగా పొట్ట వైపు అతికించుకోవచ్చు. ఇలా పలచగా ఉంటేనే అతికించేటప్పుడు ముందుకి అంగుళం రెండంగుళాలు వంచి క్లాంప్ చెయ్యగలరు, జిగురు ఆరాక ఆ వంపు చాలావరకు ఉండిపోతుంది, విల్లుకి వేగం వస్తుంది. వెదురు పట్టీని కూడా లోపలి వైపు చదును చేసి మధ్యలో 3, చివర్లలో ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా తగ్గించండి, బయటి పచ్చటి గట్టి పొర జోలికి వెళ్ళకండి, కణుపుల దగ్గర ఎత్తు కొంచెం గీకొచ్చు కానీ పూర్తిగా చదును చేస్తే అక్కడే తెగుతుంది.

స్నాయువు, పచ్చితోలు అయితే లెక్క వేరు. విల్లుని షేపుకి తెచ్చి, ఒక చివర నేల మీద ఆనించి చేత్తో నొక్కితే రెండు రెక్కలూ (పిడికి అటూ ఇటూ ఉండే భాగాలు) సమానంగా కొద్దిగా వంగేదాకా తీసుకొచ్చి, అక్కడ బ్యాకింగ్ వెయ్యండి. అసలు వంచకుండా వేస్తే ఏ రెక్క బిగుసుగా ఉందో తెలీకుండా పోతుంది. అలాగని బ్యాకింగ్ లేకుండా పూర్తి డ్రా దాకా, అంటే బాణం వేసేటప్పుడు లాగేంత దూరం, లాగి చూడకండి, అనుమానం ఉన్న వీపు కాబట్టే కదా ఇదంతా. వీపు అంచులు పదునుగా ఉంటే ఇప్పుడే గుండ్రం చెయ్యండి, పచ్చితోలు ఆరి బిగుసుకునేటప్పుడు పదును అంచు మీద లేస్తుంది. గట్టి పట్టీ వేసేవాళ్ళు అంచులు ఇప్పుడు ముట్టుకోవద్దు, అతికించాక రెండూ కలిపి గుండ్రం చేసుకోవాలి.

జిగురుకి ముఖం తయారు చెయ్యడం

గరుకు చెయ్యాలా నున్నగా ఉంచాలా అని అందరూ వాదించుకుంటుంటారు. రెండూ కరెక్టే, మీ జిగురు ఏదో అన్నదాన్ని బట్టి. మామూలు చెక్క జిగురు, అంటే తెల్లగానో పసుపుగానో ఉండే నీళ్ళ జిగురు, సందు నింపలేదు. దానికి పదునైన చిత్రికతో పట్టిన శుభ్రమైన ముఖం, రెండు ముక్కలు పూర్తిగా ఆనుకోవడం కావాలి. ఎపాక్సీ సన్న సందులు నింపగలదు, దానికి 60 నంబర్ లాంటి ముతక గరుకు కాగితంతో నిలువుగా గీకిన ముఖం బాగుంటుంది. హైడ్ గ్లూతో స్నాయువు వేసేవాళ్ళు హ్యాక్‌సా బ్లేడ్ పళ్ళతో వీపంతా నిలువుగా గాళ్ళు పెడతారు, పీచులు ఆ గాళ్ళలో కూర్చుంటాయి. ఏదైనా నిలువుగానే, అడ్డంగా గీసిన ప్రతి గీత తెగిన పీచే.

మొద్దుబారిన బ్లేడుతో మెషీన్ ప్లేనర్ వేసిన చెక్క చూడ్డానికి అద్దంలా మెరుస్తుంది, దానికి మురిసిపోకండి, అది పీచులు నలిగి మూసుకుపోయిన మెరుపు, జిగురు లోపలికి దిగదు. చిన్న టెస్ట్ ఉంది. ఒక నీటి చుక్క వీపు మీద వెయ్యండి. పరుచుకుని ఇంకితే ముఖం బాగుంది. ముత్యంలా నిలబడిపోతే మూసుకుపోయిందైనా అయ్యుండాలి, నూనైనా ఉండాలి, ఇంకోసారి గీకాలి. చుక్క వేసినచోట ఆరనివ్వడం మర్చిపోకండి.

నూనె చెక్కలు, టేకు, ఐపె, ఓసేజ్ లాంటివి, అతికించే కాసేపటి ముందు అసిటోన్‌తోనో స్పిరిట్‌తోనో శుభ్రమైన తెల్ల గుడ్డతో తుడవండి, గుడ్డకి రంగు రావడం తగ్గేదాకా గుడ్డ మారుస్తూ తుడవాలి. తుడిచి రేపు అతికిద్దాం అంటే లోపలి నూనె మళ్ళీ పైకొస్తుంది. కిటికీలు తీసి పెట్టండి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఐపె, యూ చెక్కల పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ లేకుండా రుద్దకండి. నూనె లేని చెక్కకైనా ముఖం తీసిన 24 గంటల్లోపే జిగురు పెట్టెయ్యడం మంచి పద్ధతి, పాతబడిన ముఖం జిగురుని సరిగ్గా తీసుకోదు.

ఇంకోటి, ముఖం రెడీ అయ్యాక చేత్తో నిమరకండి. చెయ్యి ఊరుకోదు, ఎంత నున్నగా వచ్చిందో అని తడమాలనిపిస్తుంది, వేళ్ళ జిడ్డు అంటుకుంటుంది. పక్కల పట్టుకుని ఎత్తండి. పొడి కూడా బ్రష్‌తోనో వాక్యూమ్‌తోనో తియ్యండి, నోటితో ఊదితే తుంపర పడుతుంది.

హైడ్ గ్లూ వాడేవాళ్ళకి ఒక పని ఎక్కువ. జిగురుని 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి, ఉడకనివ్వకుండా, పల్చగా చేసి వీపు మీద ఒక పూత వెయ్యండి, ఇంకిపోతుంది, ఆరాక ఇంకో పూత. చెక్క తాగడం ఆపి పైన సన్నటి మెరుపు నిలిచాక మాత్రమే పీచులు వెయ్యడం మొదలుపెట్టండి. ఈ పూతలు వెయ్యకపోతే పీచులతో పాటు వేసిన జిగురుని చెక్క తాగేసి పీచులు పొడిగా మిగులుతాయి. బద్దని ముందు కొంచెం గోరువెచ్చగా చేసుకుంటే జిగురు తొందరగా గడ్డకట్టదు.

జిగురు లేకుండా ఒకసారి బిగించి చూడటం

గట్టి పట్టీ వేసేవాళ్ళు ఇది చెయ్యకుండా జిగురు మూత తియ్యొద్దు. బద్ద మీద పట్టీ పెట్టి, ఎంత వంపులో అతికిద్దామనుకున్నారో ఆ వంపులోనే క్లాంపులన్నీ వేసి బిగించండి. వెనక లైటు పెట్టి అంచు వెంట చూడండి, వెలుగు కనపడినా, సిగరెట్ కాగితమంత పల్చటి ముక్క సందులో దూరినా అక్కడ గుర్తు పెట్టుకుని విప్పి మళ్ళీ చిత్రిక పట్టండి. క్లాంపు గట్టిగా బిగిస్తే సందు మూసుకుంటుందిలే అనుకోవద్దు, మూసుకున్నా క్లాంపు తీశాక అది మళ్ళీ తెరుచుకోవాలనే చూస్తుంటుంది, మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి గీతలో ఏమీ మిగలదు.

రెండు మూడు అంగుళాలకో క్లాంపు పడాలి. అన్ని లేకపోతే సైకిల్ ట్యూబుని అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగదీసి చుట్టండి, ఒత్తిడి అన్నిచోట్లా సమానంగా పడుతుంది, నాకైతే క్లాంపుల కంటే ఇదే నచ్చుతుంది. బిగించి ఉండగానే బద్ద మధ్య గీతా, పట్టీ మధ్య గీతా ఒకదాని మీద ఒకటి ఉన్నాయా చూసుకుని, రెండు చివర్ల దగ్గరా పిడి దగ్గరా అంచు మీద పెన్సిల్ గుర్తులు పెట్టండి. జిగురు పడ్డాక రెండు ముక్కలూ సబ్బు మీద నిలబెట్టినట్టు జారుతుంటాయి, ఆ గుర్తులే దిక్కు.

విప్పి, బద్దనీ పట్టీనీ జిగురు ముఖాలు పైకి ఉండేలా పక్కపక్కన పెట్టుకుని, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి, క్లాంపులు ఏ వరసలో వేస్తారో ఆ వరసలోనే పేర్చుకోండి. నూనె చెక్కైతే ఇప్పుడే ఆఖరిసారి తుడవండి, అది ఆరగానే జిగురు కలపండి.